కరాటే తరగతిలో వదిలిన చింత ఇంటికెందుకు తిరిగి వస్తుంది?

ప్రశ్న: నా వయసు 39 ఏళ్లు. మా అబ్బాయి నేర్చుకుంటున్న కరాటే తరగతిలోనే ఏడాది కిందట నేనూ చేరాను. కటా (ఒంటరిగా వరుస క్రమంలో చేసే కదలికలు) చేస్తున్నంతసేపు ఇంటి అప్పు, అత్తగారి అనారోగ్యం గుర్తుకు రావు. ఇంటికి చేరేసరికి అన్నీ మళ్లీ చుట్టుముడతాయి. కుమితేలో (జోడీతో తలపడే సాధనలో) ఒక దెబ్బ తగిలితే దాన్నే తలచుకుంటూ మరో రెండు తింటాను. కరాటేతో ఏకాగ్రత నిజంగా అలవడుతుందా, లేక ఇది ఆ గంటసేపటి మరపేనా?
- ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: అలవడుతుందమ్మా. అయితే మీ రెండు ఇబ్బందులకూ మూలం ఒక్కటే: మనసు ఒకచోట ఆగిపోవడం. పదిహేడో శతాబ్దపు జపాన్‌లో తకువాన్ సోహో అనే జెన్ బౌద్ధ సన్యాసి, షోగున్‌కు (అప్పటి సైనిక పాలకుడికి) కత్తిసాము నేర్పిన యాగ్యూ మునెనోరికి ఈ విషయమే వివరంగా రాశారు. ఎదుటివాడి కత్తి మీద మనసు నిలిచిపోతే చెయ్యి ఆగుతుంది, తన కత్తి మీద నిలిచినా అంతే. వేయి చేతుల బోధిసత్వుడు అవలోకితేశ్వరుడి మనసు ఒక్క చేతి దగ్గర ఆగితే మిగిలిన 999 చేతులూ పనికిరావని ఆయన అన్నారు. 1922లో ఒకినావా దీవి నుంచి వచ్చి టోక్యోలో కరాటేను ప్రదర్శించిన ఫునాకోషి గిచిన్ కూడా తన ఇరవై సూత్రాల్లో మనసును స్వేచ్ఛగా విడవాలన్న మాటను చేర్చారు.

షోటోకాన్ అనే కరాటే శైలిలో మొదట నేర్పే హీయాన్ షోడాన్ కటానే తీసుకోండి. అందులో 21 కదలికలున్నాయి. తొమ్మిదో కదలికలో కియాయి అనే కేక వేసిన వెంటనే ముప్పావు చుట్టు వెనక్కి తిరగాలి. ఆ మలుపులో బ్యాంకు వాయిదా గుర్తుకొచ్చిందా, పాదం తప్పుచోట పడుతుంది. కళ్లు మూసుకుని కూర్చున్నప్పుడు అరగంట చింతలోనే గడిచినా మనకు తెలియకపోవచ్చు గానీ, కటాలో మనసు జారిన సంగతిని కాలు అప్పటికప్పుడే చెప్పేస్తుంది. జారిన మనసును విసుగు పడకుండా వెనక్కి తెచ్చుకుని తర్వాతి అడుగు వేయడమే అసలు సాధన అని నా గట్టి నమ్మకం. కాబట్టి తరగతిలో మీరు పొందుతున్నది వట్టి మరపు కాదు. కాకపోతే ఆ అలవాటు ఇంటిదాకా ఇంకా రాలేదు.

అప్పు కటాతో తీరదు, అత్తగారి వైద్యమూ ఆగకూడదు. అందుచేత రేపు చేయగలిగిన పనిని రాత్రి ఒక కాగితం మీద రాసి పెట్టి, ఆ తర్వాత అదే కటాను కియాయి లేకుండా, ఊపిరికి తగినట్టు చాలా నెమ్మదిగా ఒక్కసారి చేయండి. చివర తరగతిలో లాగే మొకుసోలో (మౌన ధ్యానంలో) కాసేపు కూర్చోండి. ఆలోచన వస్తే దాన్ని తోసేయకుండా, వాదించకుండా, వదులుతున్న ఊపిరి మీదకు తిరిగి రండి. బెల్టు పరీక్షను మాత్రం కొన్నాళ్లు పక్కన పెట్టండి, అది ఇంకో చింతగా మారడం నేను తరచూ చూస్తుంటాను. వారాల తరబడి నిద్ర పట్టకపోయినా, పనులు సాగకపోయినా సాధన ఒక్కటే చాలదు. వైద్యులను కలవండి, ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ 14416 నంబరుకు ఉచితంగా ఫోన్ చేయవచ్చు.

కుమితే విషయానికి వస్తే, స్వేచ్ఛగా తలపడడం కొంతకాలం తగ్గించి, ముందే చెప్పి చేసే ఇప్పోన్ కుమితేను ఎక్కువసార్లు చేయించమని మాస్టారును అడగండి. తర్వాత జోడీని రెండు దాడులు వెంటవెంటనే చేయమనండి. మొదటిది తగిలినా తగలకపోయినా చూపు దించకుండా, ఊపిరి వదిలి రెండోదాన్ని అడ్డుకోండి. అడ్డుకున్నాక కూడా భంగిమ సడలనివ్వకుండా జోడీ వెనక్కి తగ్గేవరకు గమనిస్తూ నిలబడండి.