పోస్టరు మీద ఆయన పేరొక్కటే

విజయనగరం నుంచి ఒక సోదరి రాశారు: "పెళ్లయినప్పటి నుంచి నేనూ మావారూ కలిసి పరిషత్తు నాటకాలకు, ఉత్సవాలకు సెట్లు వేస్తున్నాం. బొమ్మ గీసేది, రంగులూ తెరలూ ఎంచేది నేను. చెక్కపని, బేరం ఆయన చూస్తారు. రంగాలంకరణ అని పడేది మాత్రం ఆయన పేరే. మొన్న బహుమతీ ఆయనకే ఇచ్చారు. అడిగితే 'నీదీ నాదీ వేరా?' అంటారు. సెట్ దగ్గర మొదలైన గొడవ అన్నం దగ్గరిదాకా వస్తోంది. విడిగా పని మొదలుపెట్టనా?"

అమ్మా, తొందరపడకండి. ఆయనతో కలిసి పని చేయడం ఇష్టం లేదని మీ ఉత్తరంలో ఎక్కడా లేదు. మీ బాధ పేరు గురించి. అది చిన్న బాధేమీ కాదు.

'నీదీ నాదీ వేరా' అన్న మాట డబ్బు విషయంలో చెల్లుతుందేమో గానీ, పేరు విషయంలో చెల్లదు. రేపు ఆయన ఒంట్లో బాగాలేక నెల రోజులు మంచాన పడితే ఆ పని మీకెవరిస్తారు? మీరు గీస్తారన్న సంగతే బయట ఎవరికీ తెలియదు కదా! ఇందులో ఆయన దురుద్దేశం ఉందని నేను అనుకోను. నిర్వాహకులు బేరం మాట్లాడిన మనిషి పేరే రాసుకుంటారు. కాబట్టి సరిదిద్దాల్సింది అక్కడే. కొటేషన్‌లో, అడ్వాన్స్ రసీదులో ఇద్దరి పేర్లూ రాయండి. దర్శకుడితో మొదటి మాటలకు మీరూ స్కెచ్‌లు పట్టుకుని వెళ్లండి. ప్రతి స్కెచ్ మీదా సంతకం, తేదీ వేయండి. గీసిన బొమ్మకు గీసిన వ్యక్తే కర్త అని 1957 నాటి కాపీరైట్ చట్టం చెబుతోంది. ఆలుమగలు కలిసి రంగస్థలాన్ని నమ్ముకోవడం మనకు కొత్త కాదు, 1885లో మొదలైన సురభి నాటక సమాజం కుటుంబాల మీదే నిలబడింది.

ఇక గొడవలు. ప్లైవుడ్ కోశాక వాదించుకుంటే డబ్బూ పోతుంది, మనసులూ విరుగుతాయి. ముందే అట్టముక్కలతో చిన్న నమూనా చేసి, దాని ముందు ఎంతసేపైనా వాదించుకోండి. నటుడు ఎక్కి నిలబడే మెట్లు, అరుగుల విషయంలో ఆయన మాటే చివరిది. రంగు, గుడ్డ విషయంలో మీ మాటే చివరిది. ఇది ముందే అనుకోండి. దర్శకుడి ఎదుట మాత్రం ఇద్దరూ ఒకే మాట మీద ఉండండి.

సెట్ విప్పిన రాత్రి, ఇద్దరూ అలసిపోయి ఉన్నప్పుడు ఈ విషయం ఎత్తకండి. సిరిమానోత్సవం పనుల హడావుడి మొదలవకముందే, తీరికగా ఉన్న ఒక పొద్దున కొటేషన్ కాగితం ముందు పెట్టి, "ఇక్కడ నా పేరు కూడా రాద్దాం" అని అడగండి. అప్పటికీ ఒప్పుకోకపోతే మళ్లీ రాయండి. విడిగా పని చేయడం గురించి అప్పుడు మాట్లాడుకుందాం.