నీ కెప్టెన్ వాచీ ఎందుకు నెమ్మదించింది?

తమ్ముడూ,

నీ కథ అందింది, చదివాను, భాష బావుంది. ఇక అసలు సంగతికొస్తా.

మూడో చాప్టర్లో ఓడ కాంతివేగంలో 99 శాతం అందుకోగానే నీ కెప్టెన్ చేతి వాచీ చూసుకుంటాడు, సెకన్ల ముల్లు ఈడ్చుకుంటూ కదులుతుంటుంది, గుండె ఎప్పుడో ఒకసారి కొట్టుకుంటుంది, మాట ముద్దగా వస్తుంది. అక్కడ నాకు ఒళ్ళు మండింది. ఎవరు చెప్పారయ్యా నీకిది? ఓడ ఒకే వేగంతో పోతున్నంతసేపూ లోపలున్నవాడికి ఏమీ మారదు, వాచీ మామూలుగా తిరుగుతుంది, గుండె మామూలుగా కొట్టుకుంటుంది, టార్చి వేస్తే ఆ వెలుగు కూడా ఎప్పట్లాగే సెకనుకి దాదాపు 3 లక్షల కిలోమీటర్ల వేగంతో పోతుంది. పదహారేళ్ళప్పుడు ఐన్‌స్టీన్ ఇదే పట్టుకుని కూచున్నాడు, కాంతి వెంట అంతే వేగంతో పరిగెడితే అది ఆగిపోయిన అలలా కనపడాలి కదా, మరి అలాంటిది ఎక్కడా లేదే అని. ఆ చిక్కు సాపేక్ష సిద్ధాంతంతో విడేసరికి 1905 వచ్చింది. నువ్వు దాన్ని ఒక్క పేరాలో మళ్ళీ ముడేసి పెట్టావు.

నేను కొత్తవాళ్ళెవరికి రాసినా ఇదే పాట పాడతానని మా వాళ్ళు నవ్వుతారు, నవ్వనీ. కిటికీ దగ్గర ఒక మనిషిని నిలబెట్టావంటే ఆ మనిషి కంట్లో పడే వెలుగు ఎక్కడ, ఎప్పుడు బయల్దేరిందో నీకు తెలిసుండాలి, తెలిశాకే వాక్యం రాయాలి. నువ్వేమో రెండుచోట్ల ‘వర్ణించలేని అద్భుతం’ అని రాసి తప్పించుకున్నావు. వర్ణించడానికే కదా నిన్ను అక్కడ కూచోబెట్టింది?

సరే, కిటికీ దగ్గరికి పోదాం. వానలో పరిగెడితే నిలువుగా పడే చినుకులు ఎదురొచ్చి మొహాన కొడతాయి చూడు, వెలుగూ అంతే. భూమి సూర్యుడి చుట్టూ సెకనుకి 30 కిలోమీటర్లు పోతుంటేనే నక్షత్రాలు ఏడాది పొడుగునా 20 ఆర్క్‌సెకన్ల మేర (ఒక డిగ్రీలో 3,600వ వంతు ఒక ఆర్క్‌సెకను) జరిగినట్టు కనపడతాయి, ఖగోళ శాస్త్రవేత్త జేమ్స్ బ్రాడ్లీ 1729లోనే ఈ సంగతి బయటపెట్టాడు. నీ ఓడ పోయేది 99 శాతంతో. సరిగ్గా పక్కన, 90 డిగ్రీల దగ్గర ఉండాల్సిన నక్షత్రం ఎదురుగా 8 డిగ్రీల దగ్గరికి వచ్చేస్తుంది, అంటే ముందువైపు సగం ఆకాశం మొత్తం ఆ చిన్న వృత్తంలో కుక్కినట్టుంటుంది. ఇంకా విను, బాగా వెనక 150 డిగ్రీల దగ్గరున్నది కూడా ముందుకి 30 డిగ్రీలలోకి వస్తుంది, దాని రంగు మాత్రం దాదాపు ఏమీ మారదు. మిగతా ఆకాశమంతా దాదాపు ఖాళీ, నలుపు. పైగా వేగం పెరిగేకొద్దీ ముందున్న నక్షత్రాలు ఇంకా ఇంకా లోపలికి ముడుచుకుంటాయి కాబట్టి ఓడ ముందుకి దూసుకెళ్తుంటే కిటికీలోవాడికి తను వెనక్కి జారిపోతున్నట్టు అనిపిస్తుంది! ఇంత మంచి సీను చేతిలో ఉంచుకుని నువ్వు ఏం రాశావు, నక్షత్రాలు వెలుగు గీతల్లా పక్కనుంచి దూసుకుపోయాయని.

ఆ గీతలంటే నాకు పాత పగ ఉంది. మా రోజుల్లో ఇంటర్నెట్ లేదు, లైబ్రరీలో పుస్తకం చూసి ఫార్ములా ఎక్కించుకొచ్చి, రాత్రిళ్ళు లాగ్ టేబుల్స్ ముందేసుకుని ఒక్కో నక్షత్రం ఎక్కడికి జరుగుతుందో గ్రాఫ్ కాగితం మీద చుక్కలు పెట్టుకుంటూ ఒక కథ రాశాను. సంపాదకుడుగారు (పేరు వద్దులే) పాఠకుడికి ఈ డిగ్రీలూ అవీ ఎందుకండీ అని ఆ రెండు పేజీలూ కత్తిరించేసి, వాటి జాగాలో బొమ్మ వేయించారు, బొమ్మలో ఏముంటాయి, గీతలే. పారితోషికం కూడా రాలేదు, అది వేరే కథ. ఇప్పుడు ఏ కవరు పేజీ చూసినా అవే గీతలు. మనకి దగ్గర్లో ఉన్న నక్షత్రం ప్రాక్సిమా సెంటారి 4.24 కాంతి సంవత్సరాల దూరంలో ఉంది, 99 శాతంతో పోయినా ఇంట్లోవాళ్ళ క్యాలెండరులో నాలుగేళ్ళు దాటుతుంది, ఓడలో కాలం తక్కువ గడుస్తుంది (లోపలివాడికి ఆ తేడా తెలీదు) గనక ఓడలోవాళ్ళ క్యాలెండరు ప్రకారం ఏడు నెలల పైనే పడుతుంది. ఏడు నెలలకి ఒక నక్షత్రం దాటేవాడికి గీతలెలా కనపడతాయో ఆ బొమ్మ వేసినాయన్నే అడగాలి.

రంగుల విషయంలో నువ్వు నక్షత్రాలన్నీ ఇంద్రధనస్సులా ఏడు రంగుల వలయం కట్టాయని రాశావు. పాపం ఇది నీ ఒక్కడి తప్పు కాదు, పెద్దపెద్దవాళ్ళే నమ్మారు. ఎదురొచ్చే వెలుగు అలలు దగ్గరపడి నీలం వైపు జరుగుతాయి, వెనక నుంచి వచ్చేవి సాగి ఎరుపు వైపు జరుగుతాయి. నక్షత్రం ఒక్క రంగే ఇస్తే అలా జరిగేదేమో గానీ అది మనకి కనపడని ఇన్‌ఫ్రారెడ్, అల్ట్రావయొలెట్ కూడా ఇస్తుంది, ఒకటి కంటి పరిధి దాటిపోతే ఇంకొకటి లోపలికొస్తుంది. మెకిన్లీ, డోహర్టీ అని ఇద్దరు శాస్త్రవేత్తలు 1979లో లెక్కగట్టి ఈ ధనస్సు ఉండదని చూపించారు. నిజంగా జరిగేదేమిటంటే ఎదురుగా ఉన్న సూర్యుడిలాంటి నక్షత్రం వేడి 5,800 కెల్విన్ కాస్తా 81,000 ఉన్నట్టు కనపడుతుంది, నీలంతెలుపు అన్నమాట. ఎర్రగా ఉండే జ్యేష్ఠ, ఆర్ద్ర లాంటివి ముందువైపు పడితే అవీ నీలంతెలుపే. మామూలుగా కంటికి ఆనని ఎర్ర మరుగుజ్జులు (చిన్న, మసక ఎర్ర నక్షత్రాలు) పదుల రెట్లు ప్రకాశం పెరిగి కొత్తగా బయటపడతాయి. నువ్వు వదిలొచ్చిన సూర్యుడు? 400 కెల్విన్ చిల్లర, కంటికి కనపడదు. నీ కెప్టెన్ వెనక కిటికీ లోంచి ‘ఇంటి దీపం’ చూసి కళ్ళనీళ్ళు పెట్టుకోవడం కుదరదు తమ్ముడూ, కొట్టెయ్.

గ్రహం పళ్ళెంలా నొక్కుకుపోయిందన్న వాక్యమూ కొట్టెయ్. వేగంగా పోయే వస్తువు పొడవు తగ్గడం కొలిస్తే తేలే విషయం, కంటికి అలా కనపడదు. గ్రహం అవతలి అంచు నుంచి వచ్చే వెలుగు కాస్త ముందే బయల్దేరి ఇవతలి అంచు వెలుగుతో కలిసి కంట్లో పడుతుంది, అందుకని గోళం కాస్త తిరిగినట్టు కనపడుతుంది తప్ప దాని చుట్టుగీత గుండ్రంగానే ఉంటుంది. 1959లో పెన్‌రోజ్, టెర్రెల్ అనే శాస్త్రవేత్తలు ఎవరికి వారు ఈ సంగతి చెప్పారు. అంతకు 35 ఏళ్ళ ముందే ఆంటన్ లాంపా అనే ఆయన ఈ దారిలోనే రాసి అచ్చేశాడు, ఎవరూ పట్టించుకోలేదు. అచ్చయినా చదివేవాడు లేకపోవడం ఎలా ఉంటుందో నాకు తెలుసు గనక ఆయన పేరు ఎక్కడైనా ఇరికిస్తుంటాను.

ఇప్పుడు నేను ఉత్తరం రాయడానికి అసలు కారణం. ఆరో చాప్టర్లో అమ్మ వీడియో చూస్తుంటే ఆమె నవ్వు సగంలో ఆగిపోయినట్టుంటుంది, అవునా? అది చదివి కాసేపు కాగితం పక్కన పెట్టాను. వాచీ విషయంలో బోల్తా పడ్డవాడివి ఇక్కడ సరిగ్గా రాశావు, కాకపోతే సగమే రాశావు. 99 శాతంతో దూరమవుతుంటే ఇంటి నుంచి వచ్చే సిగ్నల్ 14 రెట్లు సాగిపోతుంది, అమ్మ ఒక్క నిమిషం మాట్లాడింది చేరడానికి 14 నిమిషాలు. ఆమె గొంతు 200 హెర్ట్జ్ అనుకుంటే నీకు చేరేది 14, మన చెవి 20 దగ్గరే చేతులెత్తేస్తుంది. అంటే పెదాలు కదులుతుంటాయి, మాట వినపడదు. కంప్యూటర్ స్పీడు పెంచి వినిపిస్తే తప్ప. తిరిగొచ్చేటప్పుడు అంతా తలకిందులు, అదే గొంతు 2,800 హెర్ట్జ్ కీచుమంటుంది.

నా మాట విని వేగం 60 శాతానికి దించు, లెక్క నోటితో చేసుకోవచ్చు. మూడు కాంతి సంవత్సరాల దూరం వెళ్ళి రావడానికి ఇంట్లో 10 ఏళ్ళు, ఓడలో 8. కొడుకు వెళ్ళే నాలుగేళ్ళలో అమ్మ జీవితం రెండేళ్ళే చూస్తాడు, ఓడ తిప్పిన క్షణం నుంచీ మిగతా నాలుగేళ్ళలో ఆమె ఎనిమిదేళ్ళు గబగబా కళ్ళముందు పరిగెడతాయి, జుట్టు నెరవడం కూడా. మరి అమ్మకి? ఓడ తిరిగిన వెలుగు ఆమెకి చేరేది ఎనిమిదో ఏడు. ఎనిమిదేళ్ళపాటు కొడుకు నెమ్మదిగా మాట్లాడుతూ దూరమవుతూనే ఉంటాడు, వాడు ఎప్పుడో వెనక్కి తిరిగాడని ఆమెకి తెలీదు, తెలిసిన రెండేళ్ళకే వాడు గుమ్మంలో ఉంటాడు. ఇద్దరూ చూసుకున్నది ఒకళ్ళనొకళ్ళనే గానీ ఎవరి ఎదురుచూపు వాళ్ళది. దీనికి విలన్ ఎందుకు, చివర్లో ‘ఇదంతా సిమ్యులేషన్’ అనే ట్విస్టెందుకు? ఈ మధ్య ప్రతి కథా అలాగే తేలుస్తున్నారు, చిరాకు.

ఇంకొకటి, నీకు మరీ వేగం కావాలంటే 99.9998 శాతం పెట్టుకో. అప్పుడు ఆకాశమంతా నిండి ఉన్న 2.7 కెల్విన్ మైక్రోవేవ్ వెలుగు వెయ్యి రెట్లు వేడెక్కి ఎదురుగా చందమామలో సగం కూడా లేని నారింజ బిళ్ళలా కంటికే కనపడుతుంది. విశ్వం మొదట్లోని వెలుగు అది. వేరే కథకి దాచుకో, దీంట్లో కలపకు.

పోటీకి పంపాలా, కలం పేరు పెట్టుకోవాలా అని అడిగావు, అవి తర్వాత. ముందు ఆరో చాప్టర్ అమ్మ వైపు నుంచి మళ్ళీ రాయి, వాచీ పేరా తీసెయ్, ఈసారి వర్డ్ ఫైల్లో పంపు, ఫోన్‌తో తీసిన వంకర ఫోటోలు పెద్దవి చేసుకుని చదవడం నా వల్ల కావడం లేదు.