గాలి తిరిగితే గొడవలు పెరుగుతాయా?

ప్రశ్న: గాలి కాలుష్యం పెరిగితే నేరాలు కూడా పెరుగుతాయని ఈ మధ్య చదివాను. ఫ్రెండ్స్‌తో అంటే నవ్వారు. పొగ ఎక్కువుండేది రద్దీ ఏరియాల్లో, కేసులు ఎక్కువయ్యేదీ అక్కడే, మధ్యలో పొగ చేసిందేముందని వాళ్ల వాదన. నిజంగా సంబంధం ఉందంటారా?

జవాబు: ఉందండీ, కాకపోతే చిన్నది. మీ ఫ్రెండ్స్ అడిగింది మాత్రం తీసిపారేసే మాట కాదు, పరిశోధకులకు మొదట అడ్డుపడిందీ అదే. అందుకే ఒక ఏరియాని ఇంకో ఏరియాతో పోల్చడం మానేసి షికాగోలో ఒక చక్కటి ఉపాయం పట్టారు. ఊళ్లోంచి పోయే పెద్ద హైవేలు తీసుకున్నారు. గాలి రోడ్డుకు అడ్డంగా వీచిన రోజు పొగంతా ఒక పక్క ఇళ్ల మీద పడుతుంది, గాలి తిరిగిన రోజు రెండో పక్క. రోడ్డు అదే, బళ్లు అవే, జనమూ వాళ్లే, మారేది గాలివాటం ఒక్కటే. 2001 నుంచి 2012 దాకా పోలీసు రికార్డులు చూస్తే, పొగ పడిన పక్కన కొట్లాటల్లాంటి హింసాత్మక నేరాలు 1.9 శాతం ఎక్కువ. దొంగతనాల్లో మాత్రం తేడా లేదు.

లండన్‌లో 2004, 2005 లెక్కలు తీస్తే దాదాపు దీనికి తిరగబడ్డాయి. అక్కడ గాలి నాణ్యత సూచీ (ఇది పెరిగిందంటే గాలి చెడిందని అర్థం) 10 పాయింట్లు పెరిగితే నేరాలు 0.9 శాతం పెరిగాయి, అదీ ఎక్కువగా షాపుల్లో చేతివాటం, జేబులు కొట్టడం లాంటివి. హత్యల్లో చెప్పుకోదగ్గ మార్పు లేదు. రెండూ పొసగడం లేదు కదా అంటారేమో, నిజమే, పొసగడం లేదు. నాకు తోచేది ఒకటే, రెండు చోట్లా పెరిగినవి నెలల తరబడి ప్లాన్ వేసి చేసేవి కావు, ఆ క్షణంలో మనసు అదుపు తప్పి చేసేవి.

అదుపు ఎందుకు తప్పుతుందంటే, పీఎం 2.5 అనే నలుసు మన వెంట్రుక మందంలో ముప్పయ్యో వంతు ఉంటుంది, ఊపిరితిత్తుల లోపలి దాకా పోతుంది. ఒంట్లో వాపు లక్షణాలు మొదలవుతాయి, కార్టిసాల్ అనే టెన్షన్ హార్మోను పెరుగుతుంది. సిగ్నల్ దగ్గర పొగ కక్కే లారీ వెనక పది నిమిషాలు ఇరుక్కుని, కళ్లు మండుతుండగా వెనకవాడు హారన్ కొడితే మీ నోటికి ఏమొస్తుందో గుర్తు చేసుకోండి. (నాకొచ్చేవి ఇక్కడ అచ్చు వేయరు.)

ప్రశ్న: అయితే కోర్టులో ‘ఆ రోజు గాలి బాలేదు సార్’ అని తప్పించుకోవచ్చన్నమాట!

జవాబు: కుదరదు. 1.9 శాతం అనేది వేల కేసుల మీద తేలిన లెక్క, అందులో ఏ కేసు పొగ వల్ల, ఏది కాదో ఎవరూ వేరు చేసి చూపించలేరు. పైగా అదే పొగ పీల్చిన మిగతా వీధంతా ఎవరి మీదా చెయ్యి చేసుకోలేదు.

ఇంకోటి, మీరు చదివింది ఒకప్పుడు పెట్రోల్లో కలిపిన సీసం గురించేమో ఒకసారి చూసుకోండి. అది వేరే కథ. చిన్నప్పుడు ఒంట్లోకి చేరిన సీసం మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది, దాని ఫలితం ఏళ్ల తర్వాత బయటపడుతుంది. 2021లో అల్జీరియా ఆపేశాక బంకుల్లో ఆ పెట్రోలు ఏ దేశంలోనూ అమ్మడం లేదు. సీసం తీసేసినందుకు నేరాలు ఎంత తగ్గాయన్న దాని మీద మాత్రం పరిశోధకులు ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు.