ప్రోటీన్ పొడి, స్ట్రెచింగ్: ఎవరి మాట వినాలి?

తమ్ముడూ, ఒక వీడియో అన్నం మానెయ్యమంటోంది, ఇంకోటి ప్రోటీన్ పొడి లేనిదే కండ పట్టదంటోంది, జిమ్ ట్రైనరేమో బరువులెత్తే ముందే ఒళ్లంతా బాగా సాగదియ్యమంటున్నాడు, ఎవర్ని నమ్మాలి అని అడిగావు.

తిండి విషయంలో నేను ముందు చూసేది హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ ఏం చెప్పిందన్నదే. 2024లో వాళ్లు భారతీయుల కోసం కొత్త ఆహార మార్గదర్శకాలు ఇచ్చారు, మొత్తం 17. వాళ్ల సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి. పప్పూ అన్నం తినే మనల్ని దృష్టిలో పెట్టుకుని రాసినవి, అందుకే నాకు వాటి మీద గురి. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకు కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాముల ప్రోటీన్ అని ఆ సంస్థ లెక్క. నువ్వు 60 కిలోలన్నావుగా, అంటే దాదాపు 50 గ్రాములు. వంద గ్రాముల పచ్చి కందిపప్పులో సుమారు 22, ఒక గుడ్డులో 6 ఉంటాయి. పెరుగు, శనగలు, ఆఖరికి అన్నం కూడా కొంత ఇస్తాయి. బరువులెత్తేవాళ్లకు ఇంకాస్త ఎక్కువ కావాలి, నిజమే. అయినా కండ కోసం పొడులు వద్దనే ఆ మార్గదర్శకాల్లో ఉంది. ఆ డబ్బా కొనకు, ఆ డబ్బుతో గుడ్లు కొనుక్కో.

బరువులెత్తే ముందు ఒక కండరాన్ని నిమిషం దాటి లాగి పట్టుకుంటే కాసేపు దాని బలం కొంచెం తగ్గుతుంది. ముందు ఐదు నిమిషాలు చురుగ్గా నడువు, చేతులూ కాళ్లూ ఊపు. లాగి పట్టుకునేవి చివర్లో, ఒక్కోటి 10 నుంచి 30 సెకన్లు చాలు.

మోకాలు నొప్పి అన్నావే, దానికి మాత్రం ఏ వీడియో వద్దు. ఈ వారమే ఫిజియోథెరపిస్టుకు చూపించుకో.