కార్టూన్లలో మగపిల్లల గొంతు ఆడవాళ్లదేనా?

చాలావరకు అవును. సిరీస్ ఏళ్ల తరబడి సాగుతుంది. నిజం పిల్లాడితో చెప్పిస్తే మీసాలొచ్చే వయసుకు గొంతు మారిపోతుంది, మళ్లీ వెతుకులాట. అమెరికా కార్టూన్ 'ది సింప్సన్స్'లో అల్లరి పిల్లాడు బార్ట్‌కు మొదట్నుంచీ నాన్సీ కార్ట్‌రైట్ గొంతే. వాణ్ణి ఏడిపించే నెల్సన్ కూడా ఆవిడే! తనతో తనే తగువన్నమాట. జపాన్ కార్టూన్ 'డ్రాగన్ బాల్'లో మసాకో నొజావా అనే ఆవిడ మరీనూ: 1986 నుంచి జపనీస్‌లో హీరో గోకూ, ఆ తర్వాత కొడుకులు గోహాన్, గోటెన్, ముగ్గురికీ ఒకటే గొంతు.

ఇక్కడ చెన్నైలో, వడపళని దగ్గర ఒక డబ్బింగ్ థియేటర్‌లో నేనూ చూశాను. తెర మీద కుర్రాడు మెట్లెక్కుతుంటే, మైకు ముందు యాభై దాటిన మన తెలుగావిడ చెప్పులు విప్పేసి, కొంగు దోపుకుని, నిలబడ్డచోటే ఆయాసపడుతోంది. కళ్లు మూసుకుంటే అచ్చం పదేళ్ల పిల్లాడే.