గ్రావెల్ తీసిన గుంటలో గడ్డి నిలవాలంటే

చేబ్రోలు దగ్గర మీ రెండెకరాల్లో గ్రావెల్ తవ్వేశాక గడ్డి విత్తనం ఎన్నిసార్లు చల్లినా తొలి వానకే కొట్టుకుపోతోందని అడిగారు కదండీ. తప్పు విత్తనానిది కాదు, వాలుది. మీరు పంపిన ఫోటోలో గుంట గట్టు గోడలా నిలబడి ఉంది. జేసీబీతో పైఅంచు కోయించి కిందికి సర్దించండి. అడుగు ఎత్తుకి మూడడుగుల వాలు రావాలి. దానికి అడ్డంగా చిన్న కందకాలు తీసి, ఒడ్డున వట్టివేరు పిలకలు బెత్తెడు దూరంలో నాటండి.

ఉత్త గ్రావెల్ మీద ఏదీ పట్టదు. వేసవిలో చెరువు మట్టి తోలించి, ఎరువు కోసం రాత్రిళ్లు అక్కడే గొర్రెల మంద కట్టించండి. మా చేలో మంద కట్టించిన మూల ఇప్పటికీ చూడగానే తెలిసిపోతుంది!

జూన్, జులైలో మంచి పదునయ్యాక అంజన్ గడ్డి, స్టైలో (పప్పుజాతి పశుగ్రాసం) విత్తనాలు కలిపి చల్లండి. స్టైలో గింజ పైపొర గట్టిది. 80 డిగ్రీల వేడినీళ్లలో 4 నిమిషాలు ఉంచి, రాత్రంతా చన్నీళ్లలో నానబెట్టండి. మొదటి ఏడాది పశువుల్ని దించొద్దు, కోసి మేపండి. సర్కారు తుమ్మ కనిపిస్తే వేళ్లతో సహా పీకేయండి, లేకపోతే గడ్డి సంగతి మర్చిపోవాల్సిందే. నీడకి కానుగ, వేప, రేగు అక్కడక్కడా చాలు.

పిట్టలు కూడా రావాలన్నారు కాబట్టి గట్టంతా చదును చేయించకండి. ఎవరూ తిరగని వైపు మెత్తటి మట్టి గోడ పదడుగుల మేర నిలువుగా వదిలేసి, చుట్టూ ముళ్లకంప వేయండి. లకుముకి పిట్టలు అలాంటి గోడలోనే బొరియ తవ్వి గుడ్లు పెడతాయి.