ప్రొసీజర్లలోకి మార్చే ముందు

చి. సౌజన్యకు ఆశీస్సులు.

టీమ్ లీడ్ అయ్యావో లేదో, కోడ్‌లో డేటాబేస్‌కు ఆదేశాలిచ్చే క్వెరీలన్నీ స్టోర్డ్ ప్రొసీజర్లలోకి, అంటే డేటాబేస్ లోపలే పేరుపెట్టి దాచే ప్రోగ్రాముల్లోకి, మార్చేస్తానంటున్నావని మీ నాన్న చెప్పాడు. గర్వంగానే ఉంది. గుండెల్లో రాయి కూడా పడింది.

ప్రొసీజర్ అయితే వేగం అన్నావట. అది పాత మాట. మైక్రోసాఫ్ట్ వాళ్ల డేటాబేస్ ఎస్‌క్యూఎల్ సర్వర్ 1998 నాటి 7.0 నుంచే, విలువలు విడిగా పంపే మామూలు పారామీటర్ క్వెరీలకు కూడా వాటిని ఎలా నడపాలో వేసుకున్న ప్లాన్‌ను దాచుకుని మళ్లీ వాడుతోంది. ఇంజెక్షన్ భయమా, అంటే ఎవరైనా ఇన్‌పుట్‌లో తమ ఆదేశాలు దూర్చేస్తారనా? కోడ్‌లో పారామీటర్లు వాడు, చాలు. ప్రొసీజర్ లోపల స్ట్రింగులు అతికించి ఎగ్జిక్యూట్ చేస్తే అక్కడా అదే ప్రమాదం.

నా భయం వేరే. నేను పనిచేసిన ఓ ఆఫీసులో ఆలస్య రుసుము లెక్కించే ప్రొసీజర్ ఉండేది. గడువు 30 రోజులు. సరిగ్గా ముప్పయ్యో రోజున కట్టినవాళ్లకీ రుసుము పడుతోందని గొడవైంది. డేటాబేస్ చూసే ఆయన అర్ధరాత్రి నేరుగా సర్వర్‌లోనే ప్రొసీజర్ తెరిచి, 'పెద్దది లేదా సమానం' అన్నచోట సమానం గుర్తు తీసేశాడు. ఒక్క గుర్తు! గొడవ సద్దుమణిగింది, అందరూ మెచ్చుకున్నారు. కోడ్ మార్పులన్నీ భద్రపరిచే రిపోలో ఫైల్ మాత్రం ఎప్పటిలాగే ఉండిపోయింది.

కొన్నాళ్లకు ఓ కొత్త కుర్రాడు ఒక కాలమ్ చేర్చాల్సొచ్చి, రిపోలో ఉన్న ఫైల్ తీసి, తన మార్పు రాసి రన్ చేశాడు. ఎర్రర్ రాలేదు. ఎందుకొస్తుంది? కొత్తదాన్ని పాతది తొక్కేసినా డేటాబేస్‌కు పట్టదు. మళ్లీ రుసుములు పడ్డాయి. మేమంతా అప్లికేషన్ కోడ్ గాలించాం, రిలీజులు వెనక్కి తిప్పాం. అక్కడేమీ మారలేదు మరి, దొరికేదేముంది? చివరికి చివాట్లు తిన్నది ఆ కుర్రాడు. అవి అతను తినాల్సినవి కావని ఇప్పటికీ అంటాను.

ప్రొసీజర్లే వద్దనడం లేదమ్మా. లక్షల వరుసలు బయటికి లాగి, లెక్కేసి, తిరిగి రాసే పని ఉంటే డేటాబేస్‌లోనే కానివ్వు. టేబుళ్ల మీద చెయ్యి పడకూడదనుకుంటే ఎగ్జిక్యూట్ పర్మిషన్ ఒక్కటే ఇచ్చి ప్రొసీజర్ పెట్టు. మామూలు సెలెక్టులు, ఇన్సర్టులు కోడ్‌లోనే ఉండనీ. ఒకే నియమాన్ని సగం అక్కడ, సగం ఇక్కడ రాశావో, ఊరుకోను.

మార్పు ఏదైనా మైగ్రేషన్ ఫైల్‌గా, అంటే డేటాబేస్‌లో ఏం మార్చాలో రాసిన ఫైల్‌గా, రిపోలోకి వెళ్లి, ఇంకొకరు చూశాకే సర్వర్‌కు చేరాలి. ప్రొడక్షన్ పాస్‌వర్డ్ నీ చేతిలో ఉందని అర్ధరాత్రి సాహసాలు వద్దు. నిద్ర లేకుండా పనిచేస్తున్నావని కూడా తెలిసింది, దాని సంగతి విడిగా మాట్లాడదాం.

ముందు ఇప్పుడు సర్వర్‌లో ఉన్న ప్రొసీజర్లన్నీ స్క్రిప్ట్ తీసి, రిపోతో పోల్చి చూడు. తేడా కనిపిస్తే ఏదీ ముట్టుకోకుండా నాకు ఫోన్ చెయ్యి.

మీ పెదనాన్న